డ్రైవరు మరిచిపోయాడట

నవంబర్ 3

పొద్దున్నుంచీ బోగీలో గీకిన కోడిరెట్ట వాసన. ఖైతాన్ గదికి వచ్చి రెండుసార్లు స్నానం చేసినా పోలేదు. అన్నం కలుపుకుంటుంటే వేళ్ళలోంచి వచ్చింది. కంచం అక్కడే పెట్టి లేచాను.

అమెరికాలో ఇండియానా అనే రాష్ట్రంలో, నూరేళ్ళ కిందటి మాట, ఊరికీ ఊరికీ మధ్య కరెంటు మీద నడిచిన రైలుపెట్టె అది. లైను మూతబడ్డాక ఎవరో రైతు కొనుక్కుని పొలంలో పెట్టి కోళ్ళు పెంచాడు. కోళ్ళు పోయాక ఎలుకలు చేరాయి. ఎలుకల తర్వాత మా యజమాని కొడుకు. ఇంటర్నెట్లో చూసి ముచ్చటపడి, ఓడలో కువైట్‌కు తెప్పించి, అమ్ఘరాలో మా పాత ఇనుము యార్డులో దింపించాడు. బాగుచేయించి సముద్రం ఒడ్డున కాఫీ హోటల్ పెడతాడట.

ఆఫీసులో పని లేదని మేనేజర్ నాగేశ్వర నన్ను కూడా గీకడానికి పంపాడు. బి.కాం. పట్టా చూపించి తెచ్చుకున్న ఉద్యోగం నాది. గోడల మీద పొరలు కట్టిన రెట్టను మేమంతా రేకుముక్కలతో లేపుతుంటే ఆయన ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“సూర్యా, దీని చరిత్ర మీద ఓ బోర్డు రాయాలయ్యా. హోటల్లో పెడతారంట. అమెరికా ప్రెసిడెంటు ఇందులో ప్రయాణం చేశాడని కూడా ఓ ముక్క పడెయ్.”

“చేశాడాండీ?”

“చెయ్యలేదని ఎవడొచ్చి చెబుతాడేంటి?”

వెళ్ళేముందు బోగీ నిండా అత్తరు కొట్టించాడు. రెట్ట మీద అత్తరు. 

నవంబర్ 5

ఆ రైళ్ళ గురించి ఇంటర్నెట్లో చదివాను. ప్రెసిడెంటు సంగతి ఎక్కడా లేదు. ఉన్నదంతా మామూలు జనం సంగతి. అందుకే నాకు నచ్చినట్టుంది.

ఆ రోజుల్లో ఆవిరి రైళ్ళు పెద్ద ఊళ్ళ కోసం నడిచేవి. పల్లెలవాళ్ళు గుర్రబ్బండి కట్టుకుని బురదలో పడి పోవాల్సిందే. అప్పుడు కంపెనీలు బండిదారి పక్కనే పట్టాలు వేసి, పైన కరెంటు తీగ లాగి, ఒక్కో పెట్టెను విడిగా నడిపాయి. ఊళ్ళోకి వస్తే బజారు నడిమధ్యన ట్రాములా మెల్లగా పోవడం, ఊరు దాటగానే మొక్కజొన్న చేల మధ్య దూసుకుపోవడం. ఆడవాళ్ళు వెన్న, గుడ్లు పట్నంలో అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళట. పాలక్యాన్లు, పేపర్ల కట్టలు అన్నీ అందులోనే. ఆదివారం కూడా జనం ఎక్కాలని కంపెనీలే లైను చివర పార్కులు కట్టించి రంగులరాట్నాలు పెట్టాయి. దారిలో ఉన్న ఇళ్ళకు కరెంటు కూడా అమ్ముకున్నాయి. ముప్పై నలభై ఏళ్ళకే అంతా అయిపోయింది. మోటారు కార్లు వచ్చాయి, మంచి రోడ్లు పడ్డాయి, కంపెనీలు మునిగాయి. పట్టాలు పీకి అమ్మేశారు. పెట్టెల్లో కొన్నింటిని లోపలి ఇనుము కోసం నిలువునా తగలబెట్టారు. మిగిలినవి ఇలా కోళ్ళగూళ్ళయ్యాయి.

కువైట్‌లో రైలే లేదు. ఖైతాన్ నుంచి అమ్ఘరాకి మాకు కంపెనీ వ్యాను. ఏసీ పనిచేయదు. పొద్దున ఎక్కేటప్పుడు నిన్నటి చెమట వాసన, సాయంత్రం దిగేటప్పుడు ఇవాళ్టిది.

రాసింది చూపిస్తే నాగేశ్వర పెదవి విరిచాడు. “వెన్న, గుడ్లు ఎవడిక్కావాలయ్యా? యాక్సిడెంట్లు గట్రా ఏవైనా జరిగాయేమో చూడు. కుర్రాళ్ళు ఎగబడి ఫోటోలు తీసుకుంటారు.”

నవంబర్ 8

మా యార్డులో అరిస్తే వినపడదు. ఒకపక్క ఇనుము కోసే మిషన్లు, ఇంకోపక్క సరుకు కుమ్మరించే లారీలు. వినపడినా ఒకరి భాష ఒకరికి రాదు. అందుకని పెద్దన్న, పోశన్న కలిసి ఒక పద్ధతి పెట్టారు.

బోగీకి చక్రాలు బిగించి యార్డులోనే చిన్న పట్టాలు వేశారు. దాన్ని ముందుకీ వెనక్కీ లాగడానికి ఇనుపతాడు చుట్టే కరెంటు మోటారు ఉంది. నడిపేది పెద్దన్న. రాజంపేట వైపు మనిషి, గదిలో నా పక్క మంచం ఆయనది. నేను కువైట్‌లో దిగిన రోజు విమానాశ్రయానికి వచ్చి, నా పెట్టె తన నెత్తిన పెట్టుకుని నడిచాడు. బోగీ కింద దూరి ఇరుసులకు గ్రీజు పెట్టేది పోశన్న. జగిత్యాల మనిషి, యార్డు వెనక రేకుల గదుల్లో ఉంటాడు. దూరే ముందు భుజం మీది ఎర్రగళ్ళ తువ్వాలు తీసి మోటారు స్విచ్చుకు ముడేస్తాడు. తువ్వాలు ఉన్నంతసేపు స్విచ్చు ఎవరూ ముట్టుకోకూడదు. కట్టినవాడే బయటికి వచ్చి విప్పుకోవాలి. బంగ్లావాళ్ళు, ఈజిప్టువాళ్ళు కూడా ఈ కట్టుబాటు తప్పరు.

ఇవాళ టీ దగ్గర ఇద్దరికీ ఒకటే ఎకసెక్కాలు.

“నీ కడప తెలుగు నాకు సమజ్ గాదు పెద్దన్నా. అందుకే తువ్వాల కడుతున్న,” అన్నాడు పోశన్న.

“నీది తెలుగా సామీ? నేనింకా ఉర్దూ అనుకుంటాండా ఇన్నాళ్ళూ!”

నాగేశ్వర వచ్చి, స్విచ్చుకు జెండా కట్టారేంటని అడిగాడు. నేనే విడమరిచి చెప్పాను. “అడవి మనుషులు,” అని నవ్వి వెళ్ళాడు.

నవంబర్ 10

యాక్సిడెంటు దొరికింది.

ఆ లైన్లలో చాలావాటికి ఒకటే దారి. ఎదురెదురుగా వచ్చే బళ్ళు తప్పుకోవడానికి అక్కడక్కడ పక్కపట్టాలు ఉండేవి. అక్కడ ఆగి, స్తంభానికి తగిలించిన టెలిఫోనులో ఆఫీసును అడిగి, పొమ్మంటేనే కదలాలి. సిగ్నళ్ళకు ఖర్చవుతుందని చాలా కంపెనీలు పెట్టలేదు. ఒక సంత రోజు, జనం కిక్కిరిసి ఉండగా, ఒక డ్రైవరు ఆగవలసిన చోట ఆగకుండా పోయాడు. ఎదురుగా ఇంకో బండి. చెక్క పెట్టెలు కదా, ఒకదానిలోకి ఒకటి దూరిపోయాయి. డ్రైవరు కూడా చనిపోయాడు. విచారణలో కంపెనీ ఒకటే చెప్పింది, డ్రైవరు మరిచిపోయాడని. చచ్చినవాడు వచ్చి కాదనడు. వెన్న అమ్ముకునే ఒకావిడ మాత్రం ముందురోజు నుంచీ ఆ టెలిఫోను పలకడం లేదని చెప్పింది. పేపరువాళ్ళు ఆవిడ మాటకు ఒక్క వాక్యం ఇచ్చారు. ఆవిడ టోపీ గురించి రెండు వాక్యాలు రాశారు.

నాగేశ్వర సంబరం చూడాలి. “ఇదయ్యా కావలసింది! ‘డ్రైవరు మరిచిపోయాడు’ అని పెద్ద అక్షరాల్లో కొట్టు.”

“టెలిఫోను సంగతండీ?”

“బోర్డు మీద అంత చోటేదీ?”

గుద్దుకున్నది మా బోగీ కాదు. అసలు ఆ లైనుదే కాదు. అయినా రాసిచ్చాను. ఛీ.

నవంబర్ 13

పోశన్న కాలు పోయింది. పెద్దన్నను పోలీసులు తీసుకెళ్ళారు. ఇవాళ రాయలేను.

నవంబర్ 14, శుక్రవారం

పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టినట్టే ఉంది. రాస్తాను.

నిన్న యజమాని కొడుకు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వీడియో తీయడానికి వచ్చాడు. నూరేళ్ళ తర్వాత బోగీ కదులుతున్నట్టు చూపించాలట. చెప్పిన టైముకంటే ముందే వచ్చేశారు. పోశన్న అప్పటికే కింద దూరి గ్రీజు పెడుతున్నాడు. తువ్వాలు కట్టి ఉంది. పెద్దన్న చొక్కా నిండా నూనె మరకలు ఉన్నాయని నాగేశ్వర కొత్త చొక్కా ఇచ్చి షెడ్డులో మార్చుకు రమ్మన్నాడు. నా చేతికి ఇంత పెద్ద తెల్ల అట్ట ఇచ్చి, ఎండ దాని మీద పడి మోటారు వైపు కొట్టేలా పట్టుకోమన్నారు. నేను స్విచ్చు పక్కనే ఉన్నాను.

కెమెరా పట్టుకున్నవాడు స్విచ్చు వైపు చూపించి ఏదో అన్నాడు. నాగేశ్వర వచ్చి తువ్వాలు ముడి విప్పి, రెండు వేళ్ళతో పట్టుకుని, డబ్బాల వెనక్కి విసిరేశాడు. తర్వాత చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

పోశన్న బయటికి వచ్చేసి ఉంటాడనుకున్నాను. వచ్చి ఉంటేనే కదా ఆయన విప్పుతాడు అనుకున్నాను. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. పెద్దన్న వచ్చాడు, స్విచ్చు వంక చూశాడు, తువ్వాలు లేదు. నాగేశ్వర “యల్లా, కానివ్వు” అన్నాడు. పెద్దన్న నొక్కాడు.

బోగీ ఎంతో కదల్లేదు. ఒక మంచం పొడవు కూడా కదల్లేదు.

అరుపు కూడా వినపడలేదు నాకు. కెమెరావాడు వీడియో బాగా వచ్చిందన్నట్టు బొటనవేలు చూపించాడు. ఒక బంగ్లా మనిషి పరిగెత్తుకొచ్చి చేతులూపితే అప్పుడు తెలిసింది. పెద్దన్న కిందికి దూరి పోశన్నను చంకల కింద పట్టుకుని లాగాడు. కొత్త చొక్కా. ఇక దాని గురించి రాయను.

ఒక్క క్షణంలో అయిపోయింది.

నవంబర్ 15

ఇవాళ యార్డుకు వెళితే పట్టాల మీద ఇసుక చల్లి ఉంది. ఇసుక మీద పిల్లులు తిరుగుతున్నాయి. ఆఫీసులో కూర్చుని మధ్యాహ్నం దాకా ఏమీ చేయలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

నవంబర్ 16

నాగేశ్వర గదికి వచ్చాడు. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ రాలేదు. చేతిలో కునాఫా మిఠాయి డబ్బా. పెద్దన్న మంచం మీదే కూర్చున్నాడు. లేవమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“చూడు సూర్యా. పెద్దన్న నీ మనిషి. మనిషి కింద ఉండగా స్విచ్చు నొక్కాడని ఆయన మీద కేసు. జైలే మరి. ఆయన్ని బయటికి తేవాలంటే ఒకటే దారుంది. తువ్వాలు లేదు కాబట్టి నొక్కాడు. ఎందుకు లేదు? పోశన్న కట్టడం మరిచిపోయాడు. అంతే కదా.”

“కట్టాడండీ. మీరే...”

“నేనేంటి?” అని నా మొహంలోకి చూశాడు. కోపంగా కాదు, చుట్టంలాగా. “నేను అప్పుడు కెమెరా వాళ్ళతో మాట్లాడుతున్నాను. నా మీదికొస్తే అక్కడితో ఆగుతుందనుకున్నావా? యజమాని కొడుకు దాకా పోతుంది. యార్డే మూసేస్తారు. నువ్వీ దేశంలో ఉండాలంటే ఇఖామా ఉండాలి, అది వచ్చే నెల రెన్యువల్ కదూ? నేనేం అబద్ధం చెప్పమనట్లేదయ్యా. స్విచ్చు నొక్కేటప్పుడు తువ్వాలుందా?”

“లేదు.”

“అదే చెప్పు.”

ఆయన వెళ్ళాక కునాఫా తిన్నాను. పారేద్దామని తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాను. బాగుంది. అదే రోత.

నవంబర్ 17

పోలీసు అధికారి పోశన్న మాట తీసుకోవడానికి ఆసుపత్రికి వచ్చాడు. తెలుగు తెలిసినవాళ్ళు వాళ్ళకు దొరకలేదు, కంపెనీని అడిగారు. నాగేశ్వర నన్ను పంపాడు. ఆఫీసు పనిలో అరబ్బీ మాట్లాడటం నాకు అలవాటైంది.

మోకాలి కింద నుంచి లేదు. దుప్పటి ఒక్కసారిగా పల్లంగా పడిపోయి ఉంది. నేను గోడమీది గడియారం చూస్తూ నిలబడ్డాను. మంచం పక్కన యజమాని కొడుకు పంపిన పూలగుత్తి. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

పోశన్న నన్ను చూసి తేరుకున్నాడు. “నువ్వచ్చినవా సూర్యా, మంచిగైంది. చెప్పు సార్‌కు. నేను కట్టిన. ముడి గట్టిగేసి రెండుసార్లు గుంజి సూసిన. ఎవలో తీసిండ్రు. పెద్దన్న తప్పేం లేదు. తువ్వాలుంటే ఆయన పానం పోయినా నొక్కడు.”

అధికారి నా వైపు చూశాడు.

నేను అరబ్బీలో చెప్పాను. తువ్వాలు కట్టానని అనుకుంటున్నాడు, సరిగ్గా గుర్తులేదు అన్నాను. పెద్దన్న తప్పు లేదని కూడా చెప్పాను, అది ఉన్నదున్నట్టే చెప్పాను.

తర్వాత నన్ను అడిగాడు, నువ్వు అక్కడ ఉన్నావట కదా, స్విచ్చు నొక్కేటప్పుడు గుడ్డ ఉందా అని. లేదన్నాను. అది నిజమే. తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అది నిజమే.

“మంచిగ చెప్పినవా?” అని అడిగాడు పోశన్న.

“చెప్పినా,” అన్నాను.

“బతికిచ్చినవ్ బిడ్డా.” నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి వేడిగా, తడిగా ఉంది. బయటికి వచ్చి ఆసుపత్రి బాత్రూంలో మోచేతుల దాకా కడుక్కున్నాను.

నవంబర్ 18

పెద్దన్నను వదిలేశారు. గడ్డం మాసి, కళ్ళు లోతుకు పోయి వచ్చాడు. రాగిసంకటి, పప్పు చేసిపెట్టాను. గదిలో అందరూ సంతోషంగా ఉన్నారు. మనోడు బయటపడ్డాడు, అది చాలు. నేను చేసింది తప్పయితే వీళ్ళందరి మొహాలు ఇలా వెలుగుతాయా?

ఆయన రెండు ముద్దలు తిని ఆపాడు.

“ఎట్ల వదిలినార్రా నన్ను?”

“తువ్వాలు లేదు గదన్నా. లేకపోతే నీ తప్పెట్ల అయితాది?”

“ఎందుకు లేదు?”

నేను నీళ్ళు తెచ్చే నెపంతో లేచాను. ఎదురు మంచం సిద్ధయ్య చెప్పాడు, పోశన్న కట్టడం మరిచిపోయాడంట అని.

“పోశన్నా?” అన్నాడు పెద్దన్న. “పోశన్న మరిచిపోయినాడా?”

 సంకటి గట్టిపడిపోయింది. చెత్తబుట్టలో వేసేటప్పుడు చూస్తే చీమలు పట్టి ఉన్నాయి.

నవంబర్ 19

తప్పు పోశన్నదేనని తేలింది కాబట్టి కంపెనీకి బాధ్యత లేదట. గాయం మానగానే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపేస్తారు. ఖలాస్. నాగేశ్వర ఈ సంగతి నాకు చెబుతూ దంతాల్లో ఇరుక్కున్న మాంసం పీకుకుంటున్నాడు.

“బోర్డు ప్రింటయ్యొచ్చింది, చూశావా? అదిరింది.”

చూశాను. డ్రైవరు మరిచిపోయాడు. నల్లటి బోర్డు మీద బంగారు రంగు అక్షరాలు.

ఆ వెన్నమ్ముకునే ఆవిడ మీద ఇవాళ నాకు ఎందుకో మండిపోయింది. ఆవిడకేం? ఇల్లుంది, ఆవులున్నాయి, సొంత దేశం. ఇఖామా గొడవ లేదు. టెలిఫోను పలకడం లేదని చెప్పి, తన దారిన తాను ఇంటికి పోయి వంట చేసుకుని ఉంటుంది. నేను ఆవిడైతే నేనూ చెప్పేవాణ్ణి.

నవంబర్ 20

పెద్దన్న అడిగాడు. వ్యానులో పక్కన కూర్చుని, బయటికి చూస్తూ అడిగాడు.

“నువ్వు ఆడనే ఉంటివి గదా. ఏమన్నా చూసినావా?”

“నేను అట్ట పట్టుకుని ఉన్నానన్నా. ఎండ కళ్ళలో పడతా ఉండె.”

“ఊఁ.”

ఎండ అట్ట మీద పడి అటువైపు కొడుతోంది. నా కళ్ళలో పడే వీలే లేదు. ఆయన ఇరవై ఏళ్ళుగా ఎండలో పనిచేసే మనిషి, ఆ మాత్రం తెలియదా?

నవంబర్ 21

ఏమీ లేదు. సెలవు. పెద్దన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నవంబర్ 22

ఒక్క క్షణంలో అయిపోయిందని రాశాను. వెనక్కి తిప్పి చూస్తే రెండుసార్లు రాశాను.

ఒక్క క్షణం కాదు. షెడ్డు నుంచి మోటారు దాకా యార్డంత దూరం. పెద్దన్న కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, సిగ్గుపడుతూ నడిచి వచ్చాడు. కెమెరావాడు ఆయన్ని ఒకసారి వెనక్కి పంపి మళ్ళీ నడిపించాడు కూడా. ఆ సేపంతా బోగీ కింద ఎవరైనా ఉన్నారేమోనని వంగి చూడొచ్చు. నేను వంగలేదు. వంగితే అట్ట కదులుతుంది, వెలుతురు పోతుంది, యజమాని కొడుకు విసుక్కుంటాడు. ఇదీ నా తలలో ఉన్నది. పోశన్న బయటికి వచ్చేసి ఉంటాడనుకున్నానన్నది తర్వాత కల్పించుకున్నది.

నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకోవడం మానేశాను.

ఎవరితోనైనా చెప్పాలి. రేపు చెబుతాను. లేదా పోశన్న వెళ్ళేలోపు.

నవంబర్ 23

పొద్దున లేచేసరికి పెద్దన్న లేడు. తన పెట్టె సర్ది, తాళంచెవి నా దిండు పక్కన పెట్టి వెళ్ళాడు. పనికి ముందే పోయి ఉంటాడనుకున్నాను. వ్యాను దగ్గర కూడా లేడు.

పదిగంటలకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆసుపత్రికి వచ్చిన అధికారే. “మేం వదిలిన మనిషి తనంతట తానే వచ్చి కూర్చున్నాడు. ఏదో చెబుతున్నాడు, అర్థం కావడం లేదు. నువ్వు రా.”

నాగేశ్వర అప్పుడు ఆఫీసులోనే ఉన్నాడు. బోర్డుకు ఫ్రేము ఏ రంగు బాగుంటుందని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయనకు చెప్పకుండా టాక్సీ ఎక్కాను.

పెద్దన్న టేబుల్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“వచ్చినావా. చెప్పు ఈయనకు. పోశన్న తువ్వాల కట్టినాడు. నేను వచ్చేసరికి ఆడనే ఉండె. చూసి కూడా, కెమెరా ముందర తొందరపడి నొక్కినా. తప్పు నాది.”

“ఏందన్నా ఇది? నిన్ను వదిలేసినారు గదా!”

“ఎవుని నెత్తిన పెట్టి వదిలినారు? వానికి కాలు పాయె. ఇంటికి పోయినాక జనం ఏమనుకుంటారు, సొంత తప్పుకు కాలు పోగొట్టుకున్యాడు అనుకుంటారు. వాడు చెప్పిన మాటన్నా నిలబడనీ.”

“నువ్వు జైలుకు పోతావు.”

“పోతా. ఎవరన్నా నోరు తెరుస్తారేమోనని ఇన్ని దినాలు చూసినా. తెరవలా. ఇంగ నేనే తెరిస్తి. చెప్పు నువ్వు, ఆయప్ప కాసుకోనుండాడు.”

అధికారి పెన్ను తీసి, ఏమంటున్నాడని అడిగాడు.

 ఆయన చెప్పింది చెప్పినట్టు అరబ్బీలో పెడితే చాలు, నా పని అయిపోతుంది. ఇఖామా, ఉద్యోగం, అన్నీ ఉంటాయి. పెద్దన్న కోరుకున్నది కూడా అదే. మొదటి మాట నోటి దాకా వచ్చింది.

“గుడ్డ కట్టి ఉంది,” అన్నాను. “ఈయన వచ్చేసరికి లేదు. మేనేజర్ నాగేశ్వర తీసి పారేశాడు. దాని అర్థం ఏమిటో ఆయనకు తెలుసు, నేనే చెప్పాను. తీస్తుంటే నేను పక్కనే ఉండి చూశాను. ఆసుపత్రిలో పోశన్న కట్టానని గట్టిగానే చెప్పాడు. నేను మార్చి చెప్పాను.”

అధికారి పెన్ను ఆపాడు. “ఇదంతా ఇతను చెప్పాడా?”

“కాదు. ఇతను చెప్పింది అబద్ధం. ఇది నేను చెబుతున్నాను.”

 అధికారి నా ఇఖామా కార్డు అడిగి తీసుకుని, కొత్త కాగితం పెట్టుకుని, మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు. నాగేశ్వరను పిలిపిస్తున్నట్టుంది.

పెద్దన్న నా మోచెయ్యి తట్టాడు. “ఏం చెప్తాండావురా ఇంతసేపు? నేను చెప్పింది రెండు మాటలే గదా.”

అరబ్బీలో గడగడా చెప్పేశాను కానీ ఆయనకు తెలుగులో చెప్పడానికి మాటలు రాలేదు. ఆయన మొహం చూడకుండా టేబుల్ అంచు చూస్తూ చెప్పాను.

“నాగేశ్వర తీసినాడన్నా. నేను చూసినా.”

“అయితే పోశన్న కట్టినాడు.”

“కట్టినాడు.”

పెద్దన్న కళ్ళు మూసుకుని తల వెనక్కి ఆనించాడు. మొహంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. ఆ ఒక్క నిమిషం నాకు కూడా ఊపిరి ఆడింది. తర్వాత ఆయన మెల్లగా కళ్ళు తెరిచి నా వైపు తిరిగాడు.

“ఆయప్ప తువ్వాల తీసినప్పుడు నేను యాడుండా?”

“షెడ్డులో.”

“ఆణ్ణించి నేను నడిచి రాలా? మళ్ళా వెనక్కి పంపితే మళ్ళా నడిచి రాలా? అంతసేపూ నువ్వు ఆడనే నిలబడుకోని ఉండావా?”

“ఉండా.”

“నేను స్విచ్చు మీద చెయ్యి పెడతాంటే చూస్తాండావా?”

అవునని తల ఊపాను.

“ఒక్క కేక ఎయ్యలేకపోతివా రా?”

 అధికారి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇప్పుడు ఏమంటున్నాడని నన్ను అడిగాడు.

చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసేయలేదు. రాసుకున్నాడు.